ఒక స్వెట్టరు చెయ్యంత దూరం

కొలతల బాబాయ్ తన సర్వీసు మొత్తంలో, ఒక్క రోజు తప్ప, విమానం ఎన్ని నిమిషాల్లో చేరుతుందో ఒక్కరికి కూడా చెప్పలేదు. ఇందులో విడ్డూరమేముంది, ఆయన ఏ కూరగాయల కొట్టులోనో పనిచేస్తాడేమో అనుకునేరు. ఆయన ఉద్యోగమే అది. కొండలకు ఇవతలున్న చిన్న విమానాశ్రయంలో విచారణ కౌంటరు ఆయనది. కొండలకు అవతలున్న ఇంకో చిన్న విమానాశ్రయానికీ ఇక్కడికీ మధ్య ఒకే ఒక్క విమానం తిరుగుతుంది. రెక్కలకు పంకాలున్న బుల్లి విమానం. రాత్రి అవతల పడుకుని, పొద్దున ఇవతలికొచ్చి, మధ్యాహ్నం మళ్లీ అటు పోతుంది. దారి ఒకటే, దూరం ఒకటే, పట్టే సమయం యాభై నిమిషాలు. ఆ రెండు ముక్కలూ చెప్పి హాయిగా జీతం తీసుకోవచ్చు. బాబాయ్ చెప్పడు.

"ఎంతసేపు పడుతుందండీ?" అని అడిగితే ముందు కళ్లజోడు సవరించుకుంటాడు. తర్వాత, "తమరు ఏం చేస్తుంటారు?" అని ఎదురు ప్రశ్న వేస్తాడు.

"క్షౌరశాల ఉందండీ."

"అయితే రెండు గడ్డాలు, ఒక తల. తల బట్టతలైతే ఇంకా ముందే దిగిపోతారు."

"బళ్లో పంతుల్నండీ."

"ఒక పీరియడు. హాజరు పిలవకుండా."

కొత్తగా పెళ్లయిన జంట వస్తే ఎగాదిగా చూసి, "ఒక అలక పట్టేంత. బతిమాలుకోవడాలు దిగాక పెట్టుకోండి" అంటాడు. దూరం సంగతీ అంతే. రోడ్డు మీద ఎంత దూరమని అడిగిన పాపానికి, "అత్తాకోడళ్ల తగాదా అంత. కొండ చుట్టూ తిరిగిందే తిరిగి, పొద్దున మొదలైతే దీపాలు పెట్టేవేళకి గానీ తెమలదు" అన్నాడొకసారి. అడిగినాయన పక్కనే ఆయన భార్యా, తల్లీ నిలబడి ఉన్నారు. ఆ ముగ్గురూ విమానం ఎక్కేదాకా ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

కొత్త మేనేజరమ్మ వచ్చేదాకా ఇదంతా సరదాగానే నడిచింది. మేనేజరమ్మ చెడ్డదేం కాదు. కాకపోతే ఏ పనైనా గీత గీసినట్టు ఉండాలి ఆవిడకి. హాల్లో కుర్చీ ఒకటి వంకరగా ఉంటే దాన్ని సరిచేసేదాకా ఆవిడకి అన్నం సహించదు. అలాంటి మనిషి గదిలోకి, వచ్చిన వారానికే, ఒక పళ్ల డాక్టరు అగ్గి మీద గుగ్గిలంలా దూసుకొచ్చాడు.

"ప్రయాణం ఎంతసేపంటే, 'ఒక దవడపన్ను పీకేంత' అన్నాడు మీవాడు! నేను దవడపన్ను చిటికెలో పీకుతాను. ఆ లెక్కన అవతల కారు రమ్మన్నాను. కారువాడు చూసి చూసి వెళ్లిపోయాడు!"

మేనేజరమ్మ బాబాయ్‌ని పిలిపించింది. ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"తమరి చెయ్యి అంత చురుకని నాకేం తెలుసు సార్? నా పన్ను పీకినాయనకి ఒక పూట పట్టింది. మధ్యలో ఇద్దరం ఆగి టీ తాగాం."

డాక్టరు అక్కడితో ఊరుకోలేదు. ఫిర్యాదు పైఆఫీసుకి చేరింది. పైఆఫీసువాళ్లు మేనేజరమ్మకి ఫోన్ చేసి, తనిఖీ ఆఫీసరు వస్తున్నాడనీ, కౌంటరు పనితీరు బాగాలేకపోతే దాన్ని ఎత్తేసి అక్కడో టీవీ తెర బిగిస్తామనీ చెప్పారు. సమయం అదే చూపిస్తుంది, ఎదురు ప్రశ్నలు వెయ్యదు. మరి బాబాయ్? సామాన్ల గోదాముకి. అక్కడ మాట్లాడదామంటే పెట్టెలు తప్ప మనిషన్నవాడుండడు. మాటే తిండీ నిద్రా అయిన మనిషిని అందులో పడేస్తే ఏమైపోతాడో తలుచుకుంటే మేనేజరమ్మకి కూడా మనసొప్పలేదు. అందుకని పట్టుబట్టి పాఠం మొదలెట్టింది.

"చెప్పండి బాబాయ్ గారూ. ఎంతసేపు?"

"యాభై…"

"ఆఁ, యాభై?"

"యాభై… ఎవరికి మేడమ్?"

"ఎవరికైనా!"

"ఎవరికైనా అంటే ఎలా మేడమ్? చంకలో చంటిపిల్ల ఉన్న తల్లికీ, కాళ్లు చాపుకుని పేపరు చదివే పెద్దమనిషికీ ఒకటే చెప్పమంటారా?"

"విమానం ఒకటే కదండీ!"

"విమానం ఒకటే మేడమ్. కూచునేవాళ్లు ఒకటి కాదు కదా."

మేనేజరమ్మ తల పట్టుకుంది. చివరికి 'యాభై నిమిషాలు' అని పెద్ద పెద్ద అక్షరాలతో చీటీ రాసి, ఆయన కళ్లకి ఎదురుగా కౌంటరు లోపలివైపు అతికించింది. "ఆఫీసరు అడిగితే ఇది చదవండి. ఇంకొక్క మాట మాట్లాడకండి. మీ కుర్చీ దీని మీద ఆధారపడి ఉంది" అంది. బాబాయ్ ఆ చీటీ వంక చేదు మందు సీసాని చూసినట్టు చూశాడు.

ఇంకో తలనొప్పి ఫోను. విమానం బయల్దేరే ముందు రోజూ బాబాయ్ గోడవైపు తిరిగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, అవతలి విమానాశ్రయంలో కౌంటరు చూసే ఆవిడతో గుసగుసలాడతాడు. టికెట్ల గుమాస్తాకి ఈ కథ మహా రుచి. "నడి వయసులో ప్రేమ మేడమ్. ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోలేదట పాపం" అని ఊరంతా చాటాడు. ఒకరోజు మేనేజరమ్మ చెవిన కూడా ఆ గుసగుస పడింది: "గోధుమరంగు శాలువా… కుడిచెయ్యి వణుకుతోంది… నువ్వే చూసుకోవాలి మరి." శాలువాలూ వణుకులూ ఆఫీసు ఫోన్లో ఏమిటి? సొంత కబుర్లకి ఫోను వాడకూడదని ఆవిడ ఆర్డరు వేసేసింది. బాబాయ్ నోరు తెరవబోయి, ఏమనుకున్నాడో, "అలాగే మేడమ్" అని ఊరుకున్నాడు.

ఆఫీసరొచ్చే ముందు రోజు మేనేజరమ్మ కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే బాబాయ్ అడిగాడు. "ఒంట్లో బాగాలేదా మేడమ్?"

"ఒంట్లో బాగానే ఉంది. రేపు పొద్దున విమానానికి మా అమ్మ వస్తోంది. మోకాళ్ల నొప్పులు, రోడ్డు మీద రాలేదు. విమానం ఎప్పుడూ ఎక్కలేదు. లిఫ్టు ఎక్కమంటేనే గోడ పట్టుకుంటుంది."

"అమ్మగారు ఏం చేస్తుంటారు మేడమ్?"

"ఏమీ చెయ్యదు. పక్కింటి పసిపాపకి స్వెట్టరు అల్లుతోంది. ఇప్పుడా ఆరాలెందుకండీ? రేపటి పాఠం చదువుకోండి!"

"ఎంతవరకు అల్లారో?"

"చేతులు మిగిలాయట! వెళ్లండి బాబాయ్ గారూ!"

మర్నాడు తెల్లవారేసరికి సన్నగా వాన. ఆఫీసరు గళ్ల కోటు వేసుకుని, నల్ల పెట్టె పట్టుకుని దిగాడు. విమానాల ఆఫీసరు కదా, అవతలి నుంచి విమానంలో వస్తాడనుకున్నారంతా. ఆయన ముందు రోజే కారులో, కొండలన్నీ చుట్టి వచ్చి, రాత్రి ఊళ్లో పడుకున్నాడు. నలిగిన కాగితంలా ఉన్నాడు. టికెట్ల గుమాస్తా ఇది కూడా రుచిగా గమనించాడు గానీ, పైకి అనలేదు.

ఆఫీసరు నేరుగా కౌంటరు దగ్గరికెళ్లాడు. మేనేజరమ్మ స్తంభం పక్కన చేరింది.

"ప్రయాణం ఎంతసేపు?"

బాబాయ్ కళ్లజోడు సవరించుకున్నాడు. నోరు 'తమరు' అనే ఆకారంలోకి తిరిగింది. మేనేజరమ్మ అక్కణ్నుంచే కళ్లజోడు మీదుగా కళ్లెర్రజేసింది. ఆయన చీటీ వంక చూశాడు.

"యా… యాభై నిమిషాలు సార్."

అనేశాడు! నుదుటి మీద చెమట పట్టింది గానీ అనేశాడు. ఆఫీసరు తల పంకించి, రెండడుగులు వేసి, మళ్లీ వెనక్కొచ్చాడు. "యాభైయేనా?"

"యాభైయే సార్."

అటు తిరిగి కాసేపు వాన చూసి, మూడోసారి వచ్చాడు. "అంటే… అంతకంటే పట్టదు కదా?"

"పట్టదు సార్." బాబాయ్ ఈసారి ఆయన మొహంలోకి కాస్త ఎక్కువసేపే చూశాడు. మేనేజరమ్మకి ప్రాణం లేచొచ్చింది. పరీక్ష గట్టెక్కింది. అవతల విమానం బయల్దేరిందని కబురొచ్చింది. బాబాయ్ నోట మొట్టమొదటిసారి నిమిషాలు విన్న జనం అదే మాట ఒకరికొకరు చెప్పుకుని, గోడ గడియారం కింద కుర్చీల్లో సర్దుక్కూచున్నారు.

గొడవంతా అక్కడే వచ్చింది. కొండల మీద మబ్బు దిగింది. యాభై నిమిషాలు నిండాయి. విమానం లేదు.

ఎప్పుడూ ఆ హాల్లో గడియారం వంక చూసినవాడు లేడు. ఇవాళ అందరి కళ్లూ దాని ముల్లుకే గుచ్చుకున్నాయి. "యాభై అన్నారుగా? దాటిపోయింది!" అంది ఒకావిడ. "దాటి చాలాసేపైంది" అన్నాడు ఇంకొకాయన. ఇంకో నాలుగు గొంతులు లేచాయి. అందరూ ఒక్కసారిగా కౌంటరు మీదికొచ్చిపడ్డారు. బాబాయ్ చీటీ చూశాడు. చీటీలో ఇంకేమీ లేదు.

మేనేజరమ్మ విమానాల్ని దించే కంట్రోలు టవరుకి ఫోన్ చేసింది.

"పైనే చక్కర్లు కొడుతోంది మేడమ్" అన్నాడు టవరాయన. "మబ్బు కాస్త విడితే దించుతాం. లేదంటే వెనక్కి పంపుతాం. ఇంధనానికి లోటు లేదు. కాకపోతే ఇప్పుడే రేడియోలో మాట సరిగ్గా వినపడటం లేదు."

"వినపడటం లేదంటే?"

"గరగరమంటోంది మేడమ్. ఉండండి, చూస్తున్నాను."

మేనేజరమ్మ బయటికొచ్చి, "చక్కర్లు కొడుతోంది, మబ్బు విడగానే దిగుతుంది" అని గట్టిగా చెప్పింది. రేడియో సంగతి మింగేసింది. జనం కొంచెం తగ్గారు. ఆవిడ మాత్రం తిన్నగా కౌంటరు దగ్గరికి నడిచింది. పైన ఆ మబ్బులో గోడ పట్టుకునే అమ్మ ఉంది. పట్టుకోవడానికి అక్కడ గోడ లేదు. 'వద్దే, నేను రాలేను' అంటే, 'పిచ్చిదానిలా మాట్లాడకు' అని కసిరి టికెట్టు కొన్నది తనే. ఆఫీసరు స్తంభం పక్కనే నిలబడి చూస్తున్నాడు. చూస్తే చూడనీ అనుకుంది.

"బాబాయ్ గారూ, ఎంతసేపు?"

"చీటీ చదవమంటారా మేడమ్?"

"బాబాయ్, ఎంతసేపు?" రెండోసారి అడిగేసరికి 'గారూ' ఎక్కడో జారిపోయింది.

ఆయన కళ్లజోడు సవరించుకోలేదు, తీసి పక్కన పెట్టాడు. "ఈ హాల్లో ఉన్నవాళ్లందర్నీ పేరుపేరునా ఒకసారి పలకరించేంతమ్మా. తొందరపడి వరస తప్పితే లెక్క కుదరదు."

ఇంకోరోజైతే విసుక్కునేదే. ఇవాళ వెళ్లింది. మొదటి కుర్చీలో ముసలాయన, కొడుకు కోసం చూస్తున్నాడు; మంచినీళ్లు తెప్పించింది. పక్కనావిడ చంటిపిల్లని భుజం మార్చి భుజం మోస్తోంది. కాసేపు తను ఎత్తుకుంది. ఆ పిల్ల మేనేజరమ్మ మెళ్లోని ఉద్యోగపు బిళ్లని నోట్లో పెట్టుకుని చప్పరించింది. గొంతు పెద్దది చేసినావిడ అసలు విమానంలో ఉన్న భర్త కోసం కూడా కాదు, ఆయనతో పొద్దున ఫోన్లో పోట్లాడినందుకు ఏడుస్తోంది. ఆవిడ పక్కన కూచుంది. స్తంభం దగ్గర ఆఫీసరుని కూడా వదల్లేదు. "కూచోండి సార్, చాలాసేపట్నుంచి నిలబడ్డారు" అంటే ఆయన కుర్చీ అంచున కూచున్నాడు. హాల్లో గోల అణిగి, మాటలు మామూలు గొంతుల్లోకి దిగాయి. గడియారం వంక చూసేవాళ్లు తగ్గారు.

అందరూ అయిపోయారు. విమానం రాలేదు.

ఆవిడ కౌంటరు దగ్గరికి విసవిసా వచ్చింది. "అయిపోయింది బాబాయ్! అందర్నీ పలకరించాను. ఏదీ?"

"ఒకర్ని వదిలేశారమ్మా."

"ఎవర్ని?"

"నన్ను."

ఇన్నాళ్లూ ఆయనకి పాఠం చెప్పిందే తప్ప, ఎలా ఉన్నారని ఒక్కరోజు అడగలేదని మేనేజరమ్మకి అప్పుడు గుర్తొచ్చింది.

"ఎలా ఉన్నారు బాబాయ్?"

"భయంగా ఉందమ్మా" అన్నాడు కొలతల బాబాయ్. ఏ కొలతా లేకుండా అన్నాడు. ఆవిడ కౌంటరు మీదుగా చెయ్యి చాచి ఆయన చెయ్యి పట్టుకుంది. రెండు చేతులూ చల్లగానే ఉన్నాయి.

అప్పుడు వినిపించింది, కొండ వైపు నుంచి, పిండిమర మోతలాగ. ముందు చంటిపిల్ల తలెత్తింది, తర్వాత హాలంతా లేచింది. విమానం మబ్బులోంచి ఊడిపడినట్టు బయటికొచ్చి, రన్‌వే మీద ఒక ఎగురు ఎగిరి, నీళ్లు చిమ్ముకుంటూ ఆగింది.

మేనేజరమ్మ ఉద్యోగం, హోదా అన్నీ మర్చిపోయి మెట్ల దాకా పరిగెత్తింది. అమ్మ అందరికంటే చివర దిగింది. ఒక చంకలో ఊలుండలు, రెండో చేతిలో చెక్క సూదులకు వేలాడుతున్న బుజ్జి స్వెట్టరు.

"అమ్మా! భయపడ్డావా?"

"అదలా ఉంచు. మీ దగ్గర కొలతల బాబాయని ఒకాయనున్నాడట, ఎవరే ఆయన?"

"ఎందుకు?"

"ఆయనతో నాకు పోట్లాట ఉంది. ఒక చెయ్యి అల్లేసరికి దిగిపోతారన్నాడట. ఇదిగో చూడు! ఒక చెయ్యి అయిపోయి, రెండో చెయ్యి సగానికొచ్చింది! ఇదేం కొలత?"

"నీకెవరు చెప్పారమ్మా?"

"అవతల కౌంటరు దగ్గరమ్మాయి. నేను తలుపు దాకా వచ్చి, ఎక్కనని మొరాయించి నిలబడ్డానా, గబగబా వచ్చి, 'ఊలుండలున్న అమ్మగారు మీరేనా? మీ కోసం అవతలి నుంచి ఫోనొచ్చింది' అంది. చెయ్యి పట్టుకుని సీటు దాకా తెచ్చి, కిటికీ పక్కన వద్దని ఇటు కూచోబెట్టింది. ఊగింది, కుదిపింది, నాకెందుకు? వరస తప్పుతుందని తలెత్తలేదు. దిగేవాళ్లకీ ఎక్కేవాళ్లకీ అలాగే చేస్తారట వాళ్లిద్దరూ, రోజూ ఫోన్లు చేసుకుని. నీకు తెలీదూ?"

మేనేజరమ్మకి తెలీదు. గోధుమరంగు శాలువా, కుడిచెయ్యి వణుకు, నువ్వే చూసుకోవాలి మరి. అన్నీ ఒక్కసారిగా అర్థమై, మొహం ఎర్రబడింది.

"ఫోను వద్దన్నాను కదా?" అని అడిగింది కౌంటరు దగ్గరికొచ్చి.

"టీకొట్టు ఫోను మేడమ్" అన్నాడు బాబాయ్ నీళ్లు నములుతూ.

"అసలు సంగతి చెబితే వద్దనేదాన్నా? గుమాస్తా ఎన్ని కథలల్లాడో తెలుసా?"

"అల్లుకోనివ్వండి మేడమ్. ఫలానావాళ్లు విమానమంటే భయపడుతున్నారని నలుగురికీ తెలిస్తే వాళ్లకి నామోషీ కదా. ఎంతసేపని ఒకసారి అడిగినవాళ్లకి ఏదో ఒక కొలత చాలు. మళ్లీ అడిగారంటే, పాపం, ఆ చేతుల్లో ఏదో ఒక పని పెట్టి పంపాలి." ఆగి, గొంతు తగ్గించి అన్నాడు. "ఆఫీసరు గారు మూడుసార్లు అడిగారు."

మేనేజరమ్మ ఆఫీసరు వంక చూసింది. ఆయన మొహంలో రంగు లేదు. వానకి కొండచరియ జారి రోడ్డు మూసేశారని డ్రైవరు అప్పుడే వచ్చి చెప్పాడు. సాయంత్రానికి అవతల ఉండి తీరాలి. ఇక మిగిలింది ఇదే విమానం.

మధ్యాహ్నానికి మబ్బు పూర్తిగా విడిపోయింది. ఆఫీసరు నల్ల పెట్టెని గుండెలకు హత్తుకుని కౌంటరు దగ్గరికొచ్చాడు. "అదీ… ఎంతసేపన్నారు?"

బాబాయ్ చీటీ వంక చూశాడు, మేనేజరమ్మ వంక చూశాడు. మేనేజరమ్మ వంగి, చీటీని చర్రున పీకి, ఉండచుట్టి బుట్టలో పడేసింది.

బాబాయ్ కళ్లజోడు సవరించుకున్నాడు. "తమరు ఏం చేస్తుంటారు సార్?"

"తనిఖీ."

"అయితే ఒక రిపోర్టు. బాగుందని రాస్తే రెక్క వాలేలోపు అయిపోతుంది. తప్పులు వెతుకుతూ కూచుంటే మాత్రం దిగినా తెమలదు."

ఆఫీసరు పెదవులు బిగించాడు, ఆగలేక నవ్వేశాడు. పెట్టెలోంచి కాగితాలు తీసి చేత్తో పట్టుకునే మెట్లెక్కాడు.

ఆయన వీపు తలుపులో మాయమవగానే బాబాయ్ అలవాటుగా ఫోను వైపు చెయ్యి చాచాడు. ఫోను అక్కడ లేదు. మేనేజరమ్మ గోడవైపు తిరిగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గుసగుసలాడుతోంది. "గళ్ల కోటు, నల్ల పెట్టె. రిపోర్టు రాసుకుంటూ వస్తారు. దిగగానే పలకరించండి. భయం ఊసెత్తకండి." టికెట్ల గుమాస్తా నోరు తెరిచి చూశాడు. సాయంత్రానికి ఊరంతా కొత్త కథ.

రిపోర్టులో ఆఫీసరు ఏం రాశాడో గానీ, కౌంటరు కదల్లేదు, బాబాయ్ కదల్లేదు. తెర కూడా వచ్చింది, దాని దారి దానిదే. దాన్ని గోడకి బిగించే రోజు పైఆఫీసు నుంచి మేనేజరమ్మకి ఫోనొచ్చింది. ఆవిడ, మధ్యాహ్నం విమానం ఎక్కబోయే ఆ చంటిపిల్ల తల్లి కోసం అవతలికి ఏం కబురు పెట్టాలా అని ఆలోచిస్తోంది. పక్కన అమ్మ ఇంకో స్వెట్టరు మొదలెట్టి, చేతుల వరస రాగానే ఊరెళ్లిపోతానంటోంది.

"మేడమ్, తెరలో ఎక్కించాలి. మీ దగ్గర్నుంచి అవతలికి ప్రయాణం ఎంతసేపు?"

మేనేజరమ్మ కళ్లజోడు సవరించుకుంది.

"ఎవరికండీ?"